కొలవని ఊపిరి

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరిట జరిగే సభల్లో సాధారణంగా ఫోలిక్ యాసిడ్ గురించి, ఆరియోమైసిన్ గురించి, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ గురించి మాట్లాడతారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 53 ఏళ్లకే అమెరికాలో కన్నుమూసిన మనిషి ఇంత పని చేశాడంటే ఎవరికైనా అవే చెప్పాలనిపిస్తుంది. నేను ఉబ్బసం గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. "ఆయనకీ ఉబ్బసానికీ ఏం సంబంధమండీ?" అన్నారు. ఉంది. రెండు చోట్ల ఉంది.

ఒకటి కొలత. అమెరికాలో ఆయన పేరు మొదట వినపడింది ఏ మందు వల్లా కాదు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఒక పద్ధతి ప్రచురించారు. రంగు చిక్కదనాన్ని బట్టి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చే పద్ధతి అది. ఇక్కడున్న విద్యార్థులంతా ఆ పేరు పరీక్షలో రాసినవాళ్లే. ఆ కొలత చేతికి వచ్చాకే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత ఏటీపీ ఆయనకు దొరికాయి. రెండో సంబంధం ఒక మాత్ర. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

బీపీ కొలవకుండా బీపీ మాత్ర రాసే డాక్టరు మన దగ్గర ఉండడు. షుగరు పరీక్ష లేకుండా షుగరు మందు మొదలుపెట్టరు. ఉబ్బసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రోగిని ఒక్కసారైనా ఊదించి చూడకుండానే ఏళ్ల తరబడి మందులు నడుస్తాయి. స్టెత్ పెట్టి విన్నాం, పిల్లికూతలు వినపడ్డాయి, రాసేశాం. వినపడకపోతే "ఏం లేదమ్మా, జలుబే" అని పంపేశాం. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ అలవాటు గురించే.

2019 సంవత్సరానికి వేసిన అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతం. జనాభాలో మన వాటా కంటే అది తక్కువే. ఉబ్బసంతో చనిపోయినవాళ్లలో మాత్రం మన వాటా 40 శాతం దాటింది. ఈ మరణాల్లో వేరే ఊపిరితిత్తుల జబ్బుల వల్ల జరిగి ఉబ్బసం ఖాతాలో పడ్డవీ కొన్ని ఉండవచ్చు. అలా చూసినా తప్పు రోగ నిర్ధారణ దగ్గరే ఉందని తేలుతుంది. జబ్బు మనకు మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఏమీ లేదు. దాన్ని గుర్తించడంలో, గుర్తించాక సరైన మందు రోజూ అందించడంలో వెనకబడ్డాం.

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొరకు వాపు ఉంటుంది. ఆ వాపు మీద దుమ్మో, పొగో, జలుబు చేసే వైరసో పడితే నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కఫం ఊరుతుంది, దారి ఇరుకవుతుంది. అప్పుడు కూతలు, ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ముఖ్యంగా తెల్లవారుజామున నిద్ర లేపే దగ్గు. కాసేపటికో రెండు రోజులకో తగ్గిపోతుంది. తగ్గాక రోగి జబ్బు పోయిందనుకుంటాడు. ఊక కుంపటిలో పైకి మంట కనపడనంత మాత్రాన నిప్పు లేదనుకోం కదా, వాపు సంగతీ అంతే.

ఇలా వస్తూ పోతూ ఉండటమే ఈ జబ్బు లక్షణం. రోగ నిర్ధారణ కష్టం కావడానికి కారణమూ అదే. రాత్రి మూడింటికి మంచం మీద కూర్చుని ఊపిరికోసం అల్లాడిన మనిషి పొద్దున పదకొండింటికి మన ముందు కూర్చునేసరికి హాయిగా మాట్లాడుతూ ఉంటాడు. స్టెత్‌లో ఏమీ వినపడదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. అందుకే ఈ జబ్బును ఒక్కసారి చూసి తేల్చేయలేం. గాలి ప్రవాహం మారుతోందని, ఒకప్పుడు తగ్గి మరొకప్పుడు పెరుగుతోందని అంకెల్లో చూపించాలి.

అలా చూపించే పరీక్ష స్పైరోమెట్రీ. అందులో రోగి గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఉదుటున ఊదుతాడు. మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలిని లెక్కిస్తాం. తర్వాత శ్వాసనాళాలను వదులు చేసే సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు, అంటే 400 మైక్రోగ్రాములు, ఇచ్చి పదీ పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తాం. ఆ గాలి 12 శాతమూ, 200 మిల్లీలీటర్లూ, రెండూ పెరిగితే ఉబ్బసానికి గట్టి సాక్ష్యం దొరికినట్టు. జబ్బు నెమ్మదించిన రోజున పరీక్ష మామూలుగా రావచ్చు. అంతటితో ఉబ్బసం లేదని కొట్టేయకూడదు. బాధ ఉన్న రోజున మళ్లీ చేయాలి. ఐదేళ్ల లోపు పిల్లలు ఊదలేరు. వాళ్ల విషయంలో ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా, బిడ్డకు ఒంటిమీద గజ్జిలాంటి అలర్జీ ఉందా, జలుబు లేనప్పుడు కూడా నవ్వినా పరిగెత్తినా దగ్గు వస్తోందా అని చూసుకుని, రెండు మూడు నెలలు మందు ఇచ్చి, ఫలితాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

ప్రతి ఊళ్లో స్పైరోమీటరు ఎక్కడుంటుందండీ అంటారు. నిజమే. అలాంటి చోటికే పీక్‌ఫ్లో మీటరు. ఊదిన గాలి ఎంత వేగంగా బయటికి వస్తోందో అది అంకెల్లో చూపిస్తుంది. మార్టిన్ రైట్ అనే ఆంగ్లేయుడు 1959లో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత అది చేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టమైంది. కరెంటు అక్కర్లేదు, మంచి బీపీ మిషను కన్నా చవక.

దాంతో ఏం తెలుస్తుందో ఒక మనిషి ద్వారా చెబుతాను. మా దగ్గరికి వచ్చిన ఒకావిడ రొయ్యల ఫ్యాక్టరీలో పీలింగ్ పని చేసేది. ఏళ్ల నుంచీ దగ్గు. చల్లనీళ్లలో చేతులు పెట్టడం వల్ల జలుబని అందరూ చెప్పారు, ఆవిడా నమ్మింది. మీటరు చేతికిచ్చి, రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిలబడి మూడేసి సార్లు ఊది, అందులో ఎక్కువ వచ్చిన అంకె రాసుకు రమ్మన్నాం. ఆవిడకు చదువు అంతంతమాత్రం, అంకెలు మాత్రం పిల్లాడి కాపీ పుస్తకంలో ముత్యాల్లా రాసుకొచ్చింది. పని ఉన్న రోజుల్లో పొద్దున 300, సాయంత్రానికి 230. సెలవు రోజున 320. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినన్నాళ్లూ 360, 370. పండగ అయ్యాక పనిలోకి వెళ్లిన రెండో రోజు సాయంత్రం మళ్లీ 240. ఆ పేజీ చూశాక జబ్బు పేరూ తెలిసింది, కారణమూ తెలిసింది. రొయ్యల్నీ పీతల్నీ శుభ్రం చేసే, ఉడికించే చోట నీటి తుంపరల్లో, ఆవిరిలో వాటి ప్రోటీన్లు గాల్లోకి లేస్తాయి. వాటివల్ల ఉబ్బసం వస్తుందని ఇతర దేశాల ఫ్యాక్టరీల్లో ఎప్పుడో గుర్తించారు. ఆవిడను పీలింగ్ నుంచి అట్టపెట్టెల ప్యాకింగ్‌కి మార్పించారు. ఆ తర్వాత మందు మోతాదు సగానికి తగ్గించగలిగాం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల మీద బతికేవాళ్లు ఎందరో ఇక్కడ నేను చెప్పనక్కర్లేదు. దగ్గుతో వచ్చిన ప్రతి మనిషినీ "ఏం పని చేస్తావు, సెలవు రోజున ఎలా ఉంటుంది" అని అడగండి. ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇప్పుడు ఆ మాత్ర సంగతి. మన జిల్లాల్లో "మా అమ్మాయికి ఉబ్బసం కాదండీ, ఇస్నోఫీలియా అంతే" అనే తల్లులు ప్రతి వీధిలోనూ ఉంటారు. పెళ్లి కావలసిన పిల్ల, ఉబ్బసం అంటే సంబంధాలు రావు. రక్తపరీక్షలో ఇసినోఫిల్ కణాలు కాస్త ఎక్కువ వచ్చాయి కాబట్టి ఆ పేరు అందరికీ సౌకర్యంగా ఉంటుంది. ఉబ్బసంలో కూడా ఆ కణాలు పెరుగుతాయన్న సంగతి ఎవరూ చెప్పరు.

నిజంగా ఆ జబ్బు ఉంది, దాని చరిత్రలో మొదటి పేజీల్లో ఒకటి మన దగ్గరే రాశారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో డెన్మార్కు వైద్యుడు ఫ్రిమాట్ మోలర్, బార్టన్ అనే సహచరుడు కలిసి 1940లో ఒక వ్యాసం ప్రచురించారు. క్షయ అనుకుని వచ్చిన రోగులు కొందరు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా సన్నటి చుక్కలు. క్షయ అన్నా అనొచ్చు. కానీ తెమడలో క్రిములు లేవు, రక్తంలో ఇసినోఫిల్స్ మాత్రం విపరీతంగా ఉన్నాయి. ఎక్స్‌రే చూసి అక్కడితో ఆగిపోకుండా కణాలు లెక్కపెట్టారు కాబట్టి అది వేరే జబ్బని తేలింది. 1943లో బొంబాయిలో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దానికి ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టి, ఆర్సెనిక్ సూదులతో తగ్గుతోందని రాశాడు. అసలు కారణం బోదకాలు పురుగని, ఆ పురుగు పిల్లల మీద మన ఒంటి రక్షణ వ్యవస్థ అతిగా విరుచుకుపడటం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయని తర్వాత తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు బోదకాలు పురుగు సోకింది. దానికి మందు వెతికినవాళ్లలో లెడర్లీ అనే మందుల కంపెనీలోని సుబ్బారావుగారి బృందం ఉంది. 1947లో బయటికి వచ్చిన డైఇథైల్ కార్బమజైన్, అంటే హెట్రజాన్, వాళ్లదే. ఏ గోదావరి జిల్లాల్లో బోదకాలు లేని వీధి ఉండేది కాదో అక్కడ పుట్టిన మనిషి చేతి మీదుగా ఆ మాత్ర వచ్చింది. 1950లలో అదే మాత్ర ఈ ఈసినోఫీలియాకూ పనిచేస్తుందని తెలిసి ఆర్సెనిక్ మూలపడింది. కిలో బరువుకు రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలు, ఇప్పటికీ అదే చికిత్స.

అయితే ఎవరికి? ఈ జబ్బులో ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇసినోఫిల్స్ 3,000 దాటి ఉంటాయి. రాత్రి దగ్గుతో పాటు సన్నటి జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. రక్తంలో ఐజీఈ అనే ప్రతిరక్షకం బాగా పెరుగుతుంది, బోదకాలు పురుగుకు ప్రతిరక్షకాలు కనపడతాయి. ఆరేడు వందల కణాలున్న ఉబ్బస రోగికి హెట్రజాన్ ఇచ్చి ప్రయోజనం లేదు. అటు నిజమైన ఈసినోఫీలియాను ఉబ్బసమనుకుని ఇన్హేలర్ల మీద ఏళ్లు గడిపితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. రెండు తప్పులూ నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క అంకె సరిగా చదివితే రెండూ తప్పేవే.

ఉబ్బసంలా నటించేవి ఇంకా ఉన్నాయి. కట్టెల పొయ్యి పొగలో జీవితమంతా వంట చేసిన అరవై ఏళ్ల ఆడమనిషికి కొత్తగా వచ్చిన ఆయాసం చాలాసార్లు సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు. నిన్నటిదాకా ఆడుకున్న రెండేళ్ల పిల్లాడికి హఠాత్తుగా ఒకవైపే కూత వినపడితే వేరుశనగ గింజ లోపలికి పోయిందేమో చూడాలి. పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు ఉంటే గుండె సంగతి చూడాలి. దగ్గు రెండు వారాలు దాటితే మన దేశంలో తెమడ పరీక్ష తప్పనిసరి.

చికిత్సకు వద్దాం. మన పెరళ్లలో మొలిచే ఉమ్మెత్తకు ఇందులో ఒక చిన్న పాత్ర ఉంది. ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి 19వ శతాబ్దం మొదట్లో మద్రాసు నుంచి బ్రిటన్ చేరింది. తర్వాత నూరేళ్లకు పైగా అక్కడి మందుల షాపుల్లో ఉబ్బసం సిగరెట్లు అమ్మారు. ఆ మొక్కలోని గుణాన్ని శుద్ధి చేసి, మార్చి, విషం తగ్గించాక వచ్చినవే ఇప్పటి ఇప్రాట్రోపియం, టయోట్రోపియం అనే పీల్చే మందులు. సుబ్బారావుగారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పినవారే. మన మందులంటే చిన్నచూపు ఆయనకూ లేదు, నాకూ లేదు. ఎంత ఇస్తే ఎంత పని చేస్తుందో తేలాలి, అంతే.

ఇక్కడ ఎవరో ఒకరు చేపమందు గురించి అడుగుతారని నాకు తెలుసు, ముందే చెప్పేస్తాను. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం వారు మందు పెట్టిన కొర్రమీను పిల్లను మింగిస్తారు. ఇప్పుడు దాన్ని చేప ప్రసాదం అంటున్నారు. ప్రసాదానికి నేను రుజువు అడగను, మందు అంటే మాత్రం అడుగుతాను. వెళ్లేవాళ్లను ఆపను కూడా. వాడుతున్న ఇన్హేలర్ ఒక్కరోజూ మానొద్దని, వెళ్లడానికి ముందు రెండు వారాలు, వచ్చాక ఒక నెల పీక్‌ఫ్లో రాసి తీసుకురమ్మని చెబుతాను.

మన దగ్గర అసలు సమస్య చేప కాదు, నీలం ఇన్హేలర్, అంటే సాల్బుటమాల్, ఒక్కదాని మీదే బతకడం. 1969లో వచ్చిన సాల్బుటమాల్ గొప్ప మందు. బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. కానీ వాపు జోలికి వెళ్లదు. హాయిగా ఉంది కదా అని దాన్నే పదేపదే కొట్టుకుంటూ ఉంటే లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. 1960లలో బ్రిటన్‌లో, 1970ల చివర న్యూజిలాండ్‌లో ఇలాంటి ఉపశమనం మందుల గాఢమైన రకాలు విరివిగా వాడుతున్న కాలంలో ఉబ్బసం చావులు ఒక్కసారిగా పెరిగాయి. అంత జరిగినా సాల్బుటమాల్ ఒక్కటే చాలునన్న సలహా దశాబ్దాల పాటు పుస్తకాల్లో ఉండిపోయింది. చివరికి 2019లో జీనా, అంటే ఉబ్బసం మీద అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే సంస్థ, పెద్దవాళ్లకు, పన్నెండేళ్లు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వొద్దని తేల్చి చెప్పింది. జబ్బు స్వల్పంగా ఉన్నవాళ్లు కూడా బాధ వచ్చినప్పుడల్లా వాపు తగ్గించే బుడెసొనైడ్, నాళాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్ పీల్చాలంది. అంతకు ముందటి ఏడాది అచ్చైన ఒక పెద్ద అధ్యయనంలో అలా వాడినవాళ్లకు, సాల్బుటమాల్ ఒక్కటే వాడినవాళ్లతో పోలిస్తే, తీవ్రమైన ఎటాక్‌లు సగానికి పైగా తగ్గాయి. జబ్బు ఇంకాస్త ఎక్కువగా ఉంటే అదే ఇన్హేలర్ రోజూ వాడాలి. 200 పఫ్‌ల సాల్బుటమాల్ డబ్బాలు ఏడాదికి మూడు ఖాళీ అవుతున్నాయంటే ఆ ఇంట్లో ఉబ్బసం అదుపులో లేదు. నెలకొకటి అవుతుంటే ప్రాణానికే ముప్పు. మందుల షాపు నడిపేవాళ్లు ఈ సభలో ఉంటే ఈ రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోండి, మాకంటే ముందు మీకే తెలుస్తుంది.

"ఈ ఇన్హేలర్ ఒకసారి మొదలెడితే ఇక వదలదంట కదండీ డాక్టరుగారూ? అందులో స్టెరాయిడ్ ఉంటదంట కదా?" గోదావరి జిల్లా తల్లులు నన్నడిగే మొదటి ప్రశ్న ఇది. ఉంటుందమ్మా. కాకపోతే లెక్క చూడండి. ఎటాక్ వచ్చినప్పుడు ఐదు రోజులు వేసే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసలోన్, రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున 200 మిల్లీగ్రాములు. ఇన్హేలర్‌లో బుడెసొనైడ్ రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున ఏడాది పొడుగునా పీలిస్తే 146 మిల్లీగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాదు కాబట్టి బరువు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కానీ పీల్చింది నేరుగా వాపు దగ్గరికే వెళ్తుంది, మింగిన కాస్తలో చాలా భాగాన్ని లివరు విరిచేస్తుంది. చిన్నప్పటి నుంచి వాడిన పిల్లలు పెద్దయ్యాక సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు తక్కువ ఉండవచ్చు, ఇది దాచను. అదే వీధి చివర గబగబా పొడిపించుకునే స్టెరాయిడ్ సూదులు, నెలల తరబడి మింగే మాత్రలు మొహం ఉబ్బిస్తాయి, షుగరు తెస్తాయి, ఎముకల్ని గుల్ల చేస్తాయి. వాటి గురించి మాత్రం ఏ తల్లీ అడగదు.

మందు సరైనదైనా లోపలికి వెళ్లకపోతే వృథా. ఇన్హేలర్ వాడుతున్నా తగ్గడం లేదన్న రోగికి మోతాదు పెంచే ముందు, "ఏదీ, ఎలా పీలుస్తావో చూపించు" అనాలి. గాజు గొట్టంలా ఉండే పరికరంలో పెట్టి పీల్చాల్సిన క్యాప్సూల్‌ని మంచినీళ్లతో మింగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పౌడరు పరికరాన్ని నోట్లో పెట్టుకుని అందులోకే ఊపిరి వదులుతారు, పౌడరు చెమ్మగిల్లి అంటుకుపోతుంది. గాలి ముందు బయటకి వదిలేసి, పెదాలు బిగించి, గట్టిగా వేగంగా లాగాలి. పఫ్ వచ్చే డబ్బా పద్ధతి దీనికి తలకిందులు. బాగా ఊపి, గాలి వదిలి, నొక్కుతూనే నెమ్మదిగా లోతుగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత, గొంతు బొంగురు. పిల్లలకూ పెద్దవయసువాళ్లకూ డబ్బాకూ నోటికీ మధ్య పెట్టే స్పేసర్ ఉంటే మేలు. కొనలేనివాళ్ల సంగతేమిటని అడిగేవాళ్లకు కేప్‌టౌన్‌లో పరీక్షించిన జవాబు ఉంది. ఖాళీ అర లీటరు ప్లాస్టిక్ సీసాకు అడుగున ఇన్హేలర్ మూతి పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ గాలి పోకుండా అంటించి వాడితే కొనుక్కున్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు.

అదుపులో ఉందో లేదో తేల్చడానికి గత నాలుగు వారాల గురించి అడిగితే చాలు. పగటి బాధ వారానికి రెండుసార్లు మించిందా, రాత్రి లేచారా, ఉపశమనం మందు వారానికి రెండుసార్లకు పైగా పట్టిందా, పనులేమైనా మానుకున్నారా. నాలుగింటికీ లేదనే జవాబు మూడు నెలలు వరసగా వస్తే మోతాదు తగ్గించడం మొదలుపెట్టవచ్చు. పసిపిల్లకు స్నానం కాగానే వేసే సాంబ్రాణి, గది మూసి వెలిగించే దోమల కాయిల్, ఇంట్లో తాగే చుట్ట, ఇవి ఆపకుండా మోతాదు తగ్గాలంటే కుదరదు.

ఎటాక్ సంగతి ఇంట్లో అందరికీ తెలిసుండాలి. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగి మనిషి మత్తుగా తూగుతున్నా అది తగ్గడం కాదు, ముదరడం. కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఒక్కొక్క పఫ్ చొప్పున నాలుగు నుంచి పది పఫ్‌ల సాల్బుటమాల్ ఇస్తూ, 108కి ఫోన్ చేయాలి. తగ్గకపోతే ఇరవై నిమిషాలకోసారి మళ్లీ ఇస్తూ ఆసుపత్రికి చేర్చాలి. పడుకోబెట్టొద్దు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు కొందరు వచ్చారని విన్నాను. సాల్బుటమాల్, బుడెసొనైడ్ రెండూ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి. మీ ఇండెంటులో వాటితో పాటు పీక్‌ఫ్లో మీటరు కూడా అడగండి. రాకపోతే మళ్లీ అడగండి.

ఆ పక్క బల్ల మీద రెండు మీటర్లు, విడివిడి మౌత్‌పీసులు, ఒక సీసా స్పేసర్ పెట్టించాను. ఇన్హేలర్ వాడేవాళ్లు జేబులో ఉంటే తీసుకుని అటు రండి, నా ముందు ఒకసారి పీల్చి చూపించండి. ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.